ఒక్క రింగుకే ఎత్తే మనిషి

ఫిబ్రవరి 3

ఈ రోజు కూడా పదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని ఈ పిల్లలు ఎక్కడికి పోతారో నాకు అర్థం కాదు. రానివాళ్ల ఇళ్లకు ఫోన్ చేయాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను, నన్నెవరూ అడగలేదు. ఇంటర్వెల్‌లో టీ కూడా తాగకుండా ఫోన్లు చేశాను. ఒకరి ఫోన్ గుంటూరు మిరపతోటలో మోగింది. సుగ్గికి, కాయలు కోసే కూలికి వచ్చాం మేడం, చంటిదాన్ని ఎత్తుకునేవాళ్లు లేక పెద్దదాన్ని కూడా తెచ్చుకున్నాం అంది ఆవిడ. ఇంకొకాయన, జీతం తీసుకునేది మీరు, పిల్లల్ని వెతుక్కోవాల్సింది కూడా మీరే అని పెట్టేశాడు. ఒక నంబరు ఎవరో లారీ డ్రైవర్‌ది. పాపం, ఆయనే నాకు ధైర్యం చెప్పాడు.

ఉరుకుందు నాయన సుంకన్న ఒక్కడే మనిషిలా మాట్లాడాడు. ఒక్క రింగుకే ఎత్తాడు. "సెప్పండి మేడం, మా వోడు రాల్యాదా" అని తనే అడిగాడు. గురువారం నుంచి రాలేదని చెప్పాను. మీరు ఇంత పట్టించుకుంటుంటే మాకు అంతకంటే ఏం కావాలి, రేపో ఎల్లుండో వాడు బడిలో ఉంటాడు అన్నాడు. భార్య సుగ్గికి పోయినా తను మాత్రం కొడుకు పదో తరగతి కోసమని ఊళ్లోనే ఉండిపోయాడు. బడి కమిటీలో కూడా ఉన్నాడు. అలాంటి ఇంట్లో పుట్టి ఆ ఉరుకుందుగాడికి బడి ఎగ్గొట్టడానికి మనసెలా వస్తుందో. నా క్లాసు మొత్తంలో నిజంగా లెక్క వచ్చినవాడు వాడొక్కడే. అందుకే ఎక్కువ మండుతోంది.

ఫిబ్రవరి 4

ఉరుకుందు రాలేదు. మళ్లీ ఫోన్ చేశాను.

ఫిబ్రవరి 7

వచ్చాడు. ఎండలు ముదురుతుంటే నిండు చేతుల స్వెటర్ వేసుకుని మరీ వచ్చాడు. ఏమప్పా, ఊటీ నుంచి నేరుగా వస్తున్నావా అని అడిగాను. క్లాసంతా నవ్వింది. జ్వరం మేడం అన్నాడు. ముందు బెంచీలో కూర్చోమంటే కూర్చోడు, గోడకు వీపు ఆనించి ఆఖరి బెంచీలోనే కూర్చుంటాడు. బోర్డు మీద ఇచ్చిన త్రికోణమితి లెక్క మాత్రం నేను సగం చెప్పేలోపే చేసేశాడు. ఇంత తెలివి పెట్టుకుని ఈ దొంగ జ్వరాలేమిటి?

ఫిబ్రవరి 13

స్టాఫ్ మీటింగ్. హెడ్‌మాస్టర్ శ్రీనివాసులు గారు నా ఫోన్ల సంగతి అందరి ముందూ చెప్పారు. అఫ్సానా మేడం లాగా ప్రతి టీచరూ చేయాలి, ఇది మన బడి పద్ధతి కావాలి అన్నారు. పీఈటీ యేసురత్నం సార్ ముఖం చిట్లించాడు, ఆయనకు ఫోన్‌లో బ్యాలెన్స్ ఎప్పుడూ ఉండదు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. ఆదోని నుంచి బస్సులో ఆస్పరి రోడ్డు గుంతల్లో రోజూ రెండు పూటలా ఎగిరి పడుతూ పోతున్నందుకు ఒక మంచి మాటైనా దక్కింది.

ఫిబ్రవరి 19

క్లాసులో పిల్లలు నిద్రపోతున్నారని మా అబ్బా కథ చెప్పాను. అబ్బాకు ఆదోనిలో బట్టల కొట్టు. లెక్క తప్పితే గజం బద్ద తీసుకునేవాడు. నేను బీరువా వెనక దూరితే బద్దను సందులోకి పెట్టి చేపలు పట్టినట్టు కదిపేవాడు. నేను ఎలా ముడుచుకునేదాన్నో అభినయించి చూపిస్తే పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. అలా తిన్న దెబ్బలే నన్ను లెక్కల టీచర్‌ని చేశాయి అని ముగించాను. ప్రతి ఏడాదీ ఇలాగే ముగిస్తాను.

ఉరుకుందు నవ్వలేదు. క్లాసు అయ్యాక వచ్చి "అది ఏం లెక్క మేడం" అని అడిగాడు. ఏ లెక్క అన్నాను. మీ నాయన కొట్టింది ఏ లెక్కకు అన్నాడు. చెప్పబోయాను, గుర్తు రాలేదు. బస్సులో కూడా ఆలోచించాను. బద్ద గుర్తుంది, దాని చివర ఉన్న ఇత్తడి తొడుగు గుర్తుంది. లెక్క మాత్రం గుర్తు రాలేదు. పనికిమాలిన ప్రశ్నలు వేయడంలో వీడు మొనగాడు.

ఫిబ్రవరి 25

ప్రీఫైనల్ లెక్కల పేపర్. మొదటి అరగంట వాడు బాగానే రాశాడు. నేను తిరుగుతూ వెళ్లి వాడి వెనక నిలబడ్డాను. పెన్ను ఆగింది. నేను కదిలే దాకా ఒక్క అంకె వేయలేదు. మళ్లీ వెళ్లి నిలబడ్డాను, మళ్లీ ఆగింది. రాయరా అని భుజం మీద చెయ్యి వేస్తే బెంచీ కదిలేలా ఉలిక్కిపడ్డాడు. నాకు కోపమే వచ్చింది, నేనేమన్నా దయ్యాన్నా? సగం పేపర్ తెల్లగా ఇచ్చి పోయాడు.

సుంకన్నకు ఫోన్ చేశాను. ఒక్క రింగు. శ్రద్ధ తప్పుతోంది, కొంచెం చూసుకోండి అన్నాను. చూసుకుంటానన్నాడు.

ఫిబ్రవరి 27

రాలేదు.

ఫిబ్రవరి 28

రాలేదు. వీడికేం రోగం? ఫోన్ చేయబోతుంటే ఈశ్వరి వచ్చింది, వాళ్ల ఇంటి పక్క పిల్ల, అదే క్లాసు. "ఫోన్ సెయ్యొద్దు మేడం, వాడే వస్తాడు" అంది. ఎందుకు చేయకూడదు అంటే నేల చూపులు చూసింది. ఒకరి దొంగవేషాలు ఒకరు కాచుకోవడం ఈ పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ పిల్లను తరగతికి పంపేసి ఫోన్ చేశాను.

మార్చి 4

రంజాన్ మొదలైంది. తెల్లవారుజామునే సహరీకి లేచి, వంట చేసి, బస్సు పట్టుకుని బడికి చేరేసరికి గొంతు ఎండిపోతోంది. ఈ రోజు సుంకన్నే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఉతికిన తెల్ల పంచె, నుదుట విభూతి, చేతిలో పచ్చి వేరుశనగ కాయల సంచి. మీరు ఒక్క పొద్దున్నారు కదా మేడం, ఇంటికి తీసుకుపోండి అన్నాడు. నా ఉపవాసం సంగతి గుర్తుపెట్టుకున్న తండ్రి ఆ ఊళ్లో ఆయనొక్కడే. మాట్లాడుతున్నంత సేపూ కొడుకు మెడ మీద చెయ్యి వేసి ఉంచాడు. వాడు గుంజలా నిలబడ్డాడు. తండ్రి అంత ప్రేమగా పట్టుకుంటే అలా బిగుసుకుపోవడం చూసి నాకే సిగ్గేసింది.

ఇలాంటి తండ్రి ఇంటికొకడు ఉంటే మన బడికి ఢోకా లేదు అన్నాను యేసురత్నం సార్‌తో. ఆయన విజిల్ తుడుచుకుంటూ ఊఁ అన్నాడు. ఆయనకు క్రికెట్ తప్ప ఏ విషయంలోనూ ఉత్సాహం ఉండదు.

మార్చి 17

పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు. వాడు వచ్చాడు.

మార్చి 24

లెక్కల పేపర్. మా వాడికి రెండు గంటలు కూడా పట్టలేదట. బయటికి వచ్చి నన్ను చూసి, ఆఖరి లెక్క రెండు రకాలుగా చేశాను మేడం, ఏది మంచిదో కనుక్కోలేక రెండూ ఉంచేశాను అన్నాడు. ఆ మాట వినడానికే నేను పదకొండేళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాననిపించింది. వీడు కర్నూలులో ఇంటర్ చదవాలి. ఎంపీసీ. ఎవరితో మాట్లాడాలో నాకు తెలుసు.

మార్చి 29

కొత్త తలనొప్పి. రేపు ఉగాది. ఎల్లుండి సాయంత్రం కైరుప్పలలో పిడకలాట. మంగళవారం పొద్దున సోషల్ పరీక్ష, అదే ఆఖరిది. చుట్టుపక్కల ఊళ్ల మగపిల్లలందరూ వీరభద్రుని పక్క, అమ్మవారి పక్క అని రెండు జట్లుగా చీలి పిడకలు విసురుకోవడానికి పోతారు, తలలు పగలగొట్టుకుని విభూతి పూసుకుని అదేదో పతకంలా తిరుగుతారు. పోయిన ఏడాది ఒకడు కన్ను వాచి ప్రశ్నే చదవలేకపోయాడు.

కూర్చుని అందరి తండ్రులకూ ఫోన్ చేశాను. దేవుని పని మేడం, వద్దంటే ఎట్లా అన్నారు. ఒకాయన నన్నే రమ్మన్నాడు, గ్యాలరీలో కూర్చోబెడతాడట. సుంకన్న మాత్రం ఎదురు చెప్పలేదు. ఉరుకుందును ఎట్టి పరిస్థితిలోనూ పంపొద్దు, వాడి చేతికి ఏమన్నా అయితే నేను ఊరుకోను అన్నాను. "మీరు సెప్పినాక ఇంగ మాటేముంది మేడం" అన్నాడు. గుండె మీద బరువు దిగింది.

మార్చి 30

నెలవంక కనిపించింది. రేపే పండగ. అమ్మీ అప్పుడే సేమ్యా వేయించడం మొదలుపెట్టింది.

మార్చి 31

నమాజులు, అత్తర్లు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. సాయంత్రానికి ఫోన్ నిండా పిడకలాట వీడియోలు. దుమ్ములో ఎవరెవరో తెలియడం లేదు. వేలితో పెద్దది చేసి చేసి మా పిల్లల కోసం వెతికాను. ముగ్గురు దొరికారు. ఉరుకుందు లేడు. షీర్ ఖుర్మా అప్పుడు రుచించింది.

ఏప్రిల్ 1

ఆస్పరి సెంటర్ గేటు దగ్గర తొమ్మిదికే నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే పసుపు పట్టీలతో దిగారు. యేసురత్నం సార్ ఒక్కొక్కణ్ని పట్టుకుని నువ్వు ఏ పక్కరా అని అడగడం, వాళ్లు చొక్కా ఎత్తి చూపడం, అంతా నవ్వులు. అప్పుడు ఉరుకుందు వచ్చాడు. కనుబొమ్మ చీలి ఉంది. కుడి చేతికి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. సార్ గుడ్డ తీసి చూశాడు. రెండు వేళ్లు ఊదిపోయి నల్లబడ్డాయి. నువ్వు కూడా పోయినావారా అని సార్ అంటే వాడు నవ్వాడు. వీరభద్రుని పక్క సార్ అన్నాడు. పిల్లలు వీపు తట్టారు. వాడు అంతమందిలో అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

నా ఒళ్లు మండిపోయింది. వాడు నా దగ్గరికి వచ్చి "నాకు రాసేటోళ్లను పెట్టిస్తారా మేడం" అని మెల్లగా అడిగాడు. హెడ్‌మాస్టర్‌తో చెప్పి, సెంటర్ వాళ్లను బతిమాలి ఏదో ఒకటి చేసి ఉండొచ్చు. అడిగి చూసి ఉండొచ్చు. పిడకలు విసిరిన చేత్తోనే రాసుకో అన్నాను. వాడు తల ఊపి లోపలికి పోయాడు.

గేటు బయట చెట్టు కింద నిలబడి సుంకన్నకు ఫోన్ చేశాను. ఒక్క రింగు. అరిచాను. అంత చెప్పినా ఎందుకు పంపారు, ఇక మీకూ మిగతావాళ్లకూ తేడా ఏముంది అని నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"మా వోడు యాడికీ పోల్యా మేడం. మీరు సెప్పినారు కదా, గడప దాటనీల్యా. పోతానని మొండికేసినాడు, నేను సూసుకున్న్యా. మీ మాట పోనిస్తానా?"

ఆ గొంతులో గర్వం ఉంది. మెప్పు కోసం ఆగాడు. నేను ఏమన్నానో గుర్తు లేదు. బాగుంది అన్నానేమో, అలవాటు కొద్దీ.

పరీక్ష అయ్యాక పట్టుకుందామని గేటు దగ్గరే ఉన్నాను. పిల్లలంతా వచ్చారు. వాడు బయటికి వదిలే వేళ కాగానే పేపర్ ఇచ్చేసి వెనక గేటు నుంచి పోయాడని ఈశ్వరి చెప్పింది.

ఏప్రిల్ 2

స్వెటర్. జ్వరం. గోడకు వీపు. ఏడాదిలో ఒక్క రోజే వాడు ఒంటి మీది దెబ్బలు అందరికీ చూపించుకుని నవ్వగలిగాడు, ఎందుకంటే ఆ రోజు అందరికీ దెబ్బలు ఉన్నాయి. ఆ ఒక్క రోజు కూడా నేను వాణ్ని తిట్టాను.

ఏప్రిల్ 4

వాళ్ల ఇంటికి పోయాను. సుంకన్న పొలంలో ఉన్నాడు, అది తెలుసుకునే పోయాను. ఉరుకుందు తల్లి తిమ్మక్క ఉగాదికని సుగ్గి నుంచి వచ్చి ఉంది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది, తను మాత్రం తలుపు దగ్గరే నిలబడి వీధి చూస్తూ మాట్లాడింది. పిడకలాట సాయంత్రం వాడు గోడ ఎక్కబోతే సుంకన్న తలుపు గడె తీసుకుని కొట్టాడట. వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. ఎప్పటి నుంచి అని అడిగాను. సిన్నప్పటి నుంచే అంది. తర్వాత నన్ను చూడకుండా ఇంకో మాట అంది.

"మీరు ఫోన్ జేసిన పొద్దు వానికి బువ్వ దిగదు మేడం. ఒళ్లు మీద గుర్తులుంటే బడికి పోనంటాడు. పోకుంటే మీరు మళ్లీ జేస్తారు."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. టీ తాగి పొమ్మంది. ఉరుకుందు ఊళ్లో లేడు, తన తమ్ముడు జయన్న వచ్చి ఎమ్మిగనూరు తీసుకుపోయాడని గుసగుసగా చెప్పింది. సుంకన్నకు మాత్రం బెంగళూరు పనికి పోయాడని చెప్పారట.

ఏప్రిల్ 7

హెడ్‌మాస్టర్‌తో చెప్పాను, ఫిర్యాదు చేద్దామన్నాను. ఆయన తలుపు వేసి, కమిటీ మెంబర్ మేడం, ఊళ్లో మాట వస్తుంది, తండ్రి కొట్టడం కేసు అవుతుందా, మీరూ నేనూ దెబ్బలు తినకుండానే ఇంత వాళ్లమయ్యామా అన్నారు. నా గజం బద్ద కథనే నాకు గుర్తుచేశారు. నేనే స్టాఫ్ రూములో ఎన్నిసార్లో చెప్పాను. జిల్లా బాలల రక్షణ ఆఫీసుకు నేనే ఫిర్యాదు చేశాను, ఆయన సంతకం లేకుండా.

ఏప్రిల్ 11

జిల్లా నుంచి ఇద్దరు వచ్చారు. సుంకన్న ఇంట్లో మంచం మీద కూర్చున్నారు, మజ్జిగ తాగారు. పిల్లవాడు ఊళ్లో లేడు కాబట్టి మాట్లాడటానికి లేదు. తండ్రి పూర్తిగా సహకరించాడు అని రాసుకున్నారు. పోతూ పోతూ ఒకాయన నాతో, చాలా మర్యాదస్తుడు మేడం అన్నాడు. అది నాకు తెలియదా? రెండు నెలలు నేను మురిసింది ఆ మర్యాదకే.

చివరికి అమ్మీతో పోట్లాడాను. నిన్ను మీ అబ్బా కొట్టలేదా, నువ్వు చదువుకోలేదా అని ఆమె కూడా మొదలుపెట్టింది. కొట్టినందుకు చదువుకోలేదు అమ్మీ, కొట్టినా చదువుకున్నాను అన్నాను. ఆమెకు తేడా తెలియలేదు. నాకు తెలిసింది కూడా నోట్లో నుంచి మాట వచ్చాకే. మా క్లాసులోనే షాహిదా ఉండేది, నా కంటే బాగా చదివేది. వాళ్ల అన్న కొడితే ఏడో తరగతిలో మానేసింది. ఆ పిల్ల కథ నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఏప్రిల్ 23

ఫలితాలు. ఉరుకుందుకు లెక్కల్లో తొంభై ఆరు. సోషల్ తప్పాడు. మిగతా అన్నీ పాస్. బడి మొత్తం మీద తప్పింది వాడొక్కడే. ఒక్కడి వల్ల నూరు శాతం పోయింది అని హెడ్‌మాస్టర్ టేబుల్ కొట్టారు. నేను మార్కుల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను, నోరు తెరిస్తే ఉద్యోగం మానేసేదాకా అనేదాన్ని.

మే 4

ఎమ్మిగనూరు పోయాను. జయన్న మగ్గం నేస్తాడు. ఇల్లంతా మగ్గమే, మనుషులు మిగిలిన మూలల్లో ఉంటారు. ఉరుకుందు రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతున్నాడు. వేళ్లు కట్టు లేకుండా అతుక్కుని ఒకటి పక్కకు వంగింది. నన్ను చూడగానే లేచి ముందు నా వెనక ఎవరున్నారో చూశాడు.

ఒక్కదాన్నే వచ్చానని చెప్పాను. సోషల్ ఒక్కటే, సప్లిమెంటరీ రాస్తే అయిపోతుంది, కర్నూలులో సీటు సంగతి నేను చూస్తాను అన్నాను. వాడు దారం తెంపకుండా చుడుతూనే ఉన్నాడు. నాకు చదువు మీద కోపం లేదు మేడం అన్నాడు. మరేమిటి అన్నాను.

"బడిలో నా పేరుంటే దాని పక్కన మా నాయన నంబర్ ఉంటాది. మీరు ఫోన్ సెయ్యకుంటే నేను రోజూ వచ్చుంటి."

తిడుతున్నట్టు చెప్పలేదు. లెక్కలో ఎక్కడ తప్పు పోయిందో చూపించినట్టు చెప్పాడు. జయన్న మగ్గం ఆపి, పోనీలేరా, మేడం ఇంత దూరం వచ్చింది అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ల ముందు ఏడిస్తే వాడు నన్ను ఓదార్చాల్సి వస్తుందని బయటికి పోయి నిలబడ్డాను.

చాలాసేపటికి వాడే వచ్చాడు. మా నాయనకు తెలియకుండా అయితే రాస్తాను అన్నాడు. తెలియదు అన్నాను. ఒట్టా అన్నాడు. ఒట్టు అన్నాను.

మే 11

ఎమ్మిగనూరు. వాడి పక్కనా వెనకా కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాను. మగ్గం చప్పుడులో రుతుపవనాలు, నదులు, పంచవర్ష ప్రణాళికలు. వంకర వేలితో పెన్ను పట్టుకోవడం కొత్తగా నేర్చుకున్నాడు. అక్షరాలు పెద్దవయ్యాయి, కానీ ఆగకుండా రాస్తున్నాడు. లెక్కల టీచర్ సోషల్ చెబితే ఇలాగే ఉంటది మేడం, అన్నీ ఫార్ములాలు చేస్తాండారు అన్నాడు. నన్ను ఎగతాళి చేశాడు. నాకు ఎంత సంతోషమైందో.

మే 18

ఎమ్మిగనూరు. వాడు మ్యాపులో తుంగభద్రను నాకంటే బాగా గీశాడు. భోజనం అక్కడే పెట్టారు.

మే 28

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సప్లిమెంటరీ సెంటర్ ఆదోనిలోనే. వాడు జయన్నతో బస్సులో వచ్చి నేరుగా గేటుకు వస్తానన్నాడు. నేను హాల్ టికెట్ పట్టుకుని ఎనిమిదిన్నరకే పోయాను. గేటు ఎదురుగా నీడలో సుంకన్న నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, విభూతి. చేతిలో కొత్త పెన్ను, ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. నమస్తే మేడం అన్నాడు.

మీకెలా తెలుసు అన్నాను. హెడ్‌మాస్టర్ ఫోన్ చేశాడట. సప్లిమెంటరీ పిల్లలు పరీక్ష ఎగ్గొట్టకుండా ముందు రోజే తండ్రులకు చెప్పాలి కదా, అది మన బడి పద్ధతి. మీ వాణ్ని అఫ్సానా మేడం దగ్గరుండి చదివిస్తోంది, మీకేం భయం లేదు అని కూడా చెప్పాడట. సుంకన్నకు ఫోన్ చేయొద్దని నేను హెడ్‌మాస్టర్‌కు ముందే చెప్పి ఉండాలి. హాల్ టికెట్ తెచ్చుకున్న రోజున చెప్పి ఉండాలి. ఫోన్ చేయడం ఆ బడికి నేర్పిందే నేను, ఆ సంగతే నాకు తోచలేదు.

పోండి, వాడు మిమ్మల్ని చూస్తే లోపలికి పోడు అన్నాను. నా కొడుకు మేడం అన్నాడు. అప్పుడు అనేశాను, గేటు దగ్గర కానిస్టేబుల్ వింటున్నా సరే. వాడి వేళ్లు విరగ్గొట్టింది మీరు అన్నాను. ఆయన ముఖంలో కోపం రాలేదు. నిజంగా అర్థం కానట్టు చూశాడు.

"మీరు సెప్పినారు, నేను సేసినాను. నేను యాపొద్దన్నా మీ మాట తీసేసినానా మేడం? ఇంగ తప్పు ఎవురిది?"

జవాబు చెప్పేలోపే వాడు వచ్చాడు. రోడ్డు అవతల జయన్న పక్కన ఆగిపోయాడు. తండ్రిని చూశాడు, తండ్రి పక్కన నిలబడి మాట్లాడుతున్న నన్ను చూశాడు. వెనక్కి తిరిగి పోతాడనుకున్నాను. నేను రోడ్డు దాటి పరిగెత్తి హాల్ టికెట్ అందించాను. నేను చెప్పలేదు ఉరుకుందూ, నేను ఫోన్ చేయలేదు అన్నాను. వాడు హాల్ టికెట్ తీసుకున్నాడు. జయన్నను పెన్ను అడిగి తీసుకున్నాడు. తండ్రి పెన్ను పట్టుకున్న చెయ్యి చాపి ఉండగానే పక్క నుంచి నడిచి గేటు లోపలికి పోయాడు. గేటు లోపలికి తండ్రులను రానివ్వరు. ప్రపంచంలో అలాంటి చోటు ఒక్కటన్నా ఉన్నందుకు ఆ కానిస్టేబుల్‌కు దండం పెట్టాలనిపించింది.

మధ్యాహ్నం దాకా ఇద్దరం ఆ గేటు ముందే నిలబడ్డాం. నేను కదిలితే ఆయన ఒక్కడే వాడికి ఎదురవుతాడని నేను కదల్లేదు. జయన్న బస్టాండ్ మలుపులో ఉన్నాడు, బావ ముఖం చూడటానికి అతనికీ భయమే. ఎండ నెత్తి మీదికి వచ్చాక సుంకన్న పక్కకు జరిగి నాకు నీడ ఇచ్చాడు. ఇటు రండి మేడం, ఎండలో ఎంతసేపు నిలబడతారు అన్నాడు. పోలేదు. మనిషి మంచివాడిలా ఉండటమే నాకు భరించరానిదైంది. వాడు బయటికి వస్తే ఏం చేస్తారు అని అడిగాను. ఏం చేస్తాను, ఇంటికి తీసుకుపోతాను అన్నాడు. నేను తీసుకుపోనివ్వను అన్నాను. ఎలా ఆపుతానో నాకే తెలియదు.

గంట కొట్టారు. పిల్లలు వచ్చారు. వాడు ఆఖరున వచ్చాడు, చేతి నిండా ఇంకు. ఈసారి చివరి నిమిషం దాకా కూర్చున్నాడు, అదనపు కాగితాలు కూడా అడిగాడని ఇన్విజిలేటర్ తర్వాత చెప్పాడు. పాసవుతాడు. ఆ సంగతి నాకు వాడి నడకలోనే తెలిసింది.

ఉరుకుందూ అని ఆయన పిలిచాడు. ఉరుకుందూ అని నేను పిలిచాను. రెండూ ఒక్కసారే పడ్డాయి, ఒకే గొంతులా.

వాడు ఇద్దరి వైపూ చూడలేదు. మా మధ్య నుంచి, ఎవరికీ చెయ్యి తగలకుండా, ఒళ్లు దగ్గరికి ముడుచుకుని నడిచి పోయాడు. సుంకన్న రెండు అడుగులు వేశాడు. నేను ఆయన పంచె అంచు పట్టుకున్నాను, నడి రోడ్డు మీద, ఆదోని అంతా చూస్తుండగా. మలుపు దగ్గర జయన్న వాడి భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో తీసేసి, పక్కన నడిచాడు.

ఎమ్మిగనూరు బస్సు ఎక్కారు. కిటికీ పక్కన వాడు కనిపించాడు. పంచె వదిలేసి నేను బస్సు వెంట కొంచెం దూరం పోయాను. వాడు కిటికీ తలుపు దించుకున్నాడు.